గోరంత ఎడం

మాస్టారి కుడిచేతి చూపుడువేలు అలిసిపోయింది. మనిషి అలిసిపోవడం ఎప్పుడో జరిగింది, దాన్ని ఆయనతో సహా ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు వేలు కూడా మొరాయిస్తోంది. మధ్యాహ్నం దాటేసరికి కొస మొద్దుబారిపోతుంది. చన్నీళ్ళ గ్లాసుకి కాసేపు ఆనించి ఉంచితే మళ్ళీ దారికొస్తుంది. బల్ల మీది ఆ గ్లాసు తాగడానికి పెట్టింది కాదని కార్ఖానాలో అందరికీ తెలుసు. కొత్తగా చేరినవాళ్ళు మాత్రం ఒకసారి తాగేసి చీవాట్లు తింటారు.

ఆ కార్ఖానాలో తయారయ్యేవి చూపులేని పిల్లల పాఠ్యపుస్తకాలు. అక్షరాల పేజీలతో పేచీ లేదు, బ్రెయిలీ చుక్కలు గుచ్చే పని యంత్రం చూసుకుంటుంది. బొమ్మల పేజీల దగ్గరే అందరికీ తలప్రాణం తోకకొస్తుంది. మామూలు పుస్తకంలోని బొమ్మని అట్ట మీద గీసుకుని, గీత వెంబడి జిగురు రాసి, దారం అతికించి అచ్చు తయారుచేయాలి. ఆ అచ్చు మీద పల్చటి ప్లాస్టిక్ రేకు పరిచి, వేడిచేసి, కింద నుంచి గాలి లాగేస్తే దారం ఉబ్బు అంతా రేకు మీదికి దిగుతుంది. మొదటి రేకు తీయగానే అది మాస్టారి దగ్గరికి రావాలి. ఆయనకి పుట్టుకతోనే చూపు లేదు. ఆయన వేలు పేజీ అంతా తిరిగి, ఆయన నోటితో "సరే" అంటేనే అది పుస్తకంలోకి వెళ్తుంది. లేదంటే వెనక్కి. అందుకే ఎవరో సరదాకి "వేలిముద్ర మాస్టారు" అన్నారు. బండెడు పుస్తకాలు చదివిన మనిషికి ఆ పేరే నిలిచిపోయింది. ఆయన కూడా నవ్వి ఊరుకున్నారు. కోపం తెచ్చుకోవడానికైనా ఓపిక ఉండాలి కదా.

అచ్చు చేసేది ఆయన భార్యే. ఆవిడని దారాలమ్మ అంటారు. ఒకే బల్లకి ఆ వైపు ఆవిడ, ఈ వైపు ఆయన. పెళ్ళయిన కొత్తలో ఆ బల్ల మీద పని కంటే కబుర్లు ఎక్కువ సాగేవి. మేనేజరు అటు వచ్చినప్పుడల్లా ముందు దగ్గాల్సి వచ్చేది. ఇప్పుడు దగ్గాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఆవిడ అచ్చు తోస్తుంది, ఆయన రేకు తోస్తారు, మధ్యలో కత్తెర చప్పుడు.

వాళ్ళ పనికి ఒక నియమం ఉంది. ఏ రెండు గీతల మధ్యయినా చిటికెనవేలి గోరంత ఎడం ఉండాలి. గీతలు అంతకంటే దగ్గరికొస్తే వేలికి అవి రెండని తెలియదు, ఒక గడ్డలా తగులుతుంది. పిల్లలు ఆ గడ్డ దగ్గర దారి తప్పిపోతారు. ఈ నియమం పెట్టింది మాస్టారే. మంచి నియమమే, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఎందరో పిల్లలు దాని పుణ్యమా అని బొమ్మలు చదవగలిగారు. దాంతో మాస్టారికి ఇంకో అలవాటు కూడా పట్టుకుంది. ఆ గీత ఏమిటి, ఎందుకలా వంగింది అని అడగరు. "గీత సంగతి పుస్తకం రాసినవాడు చూసుకుంటాడు, వేలి సంగతి మనం చూసుకోవాలి" అనేవారు. ఆయన పాస్ చేసిన పేజీని వేలెత్తి చూపినవాళ్ళు ఆ కార్ఖానాలో ఎవరూ లేరు.

కెమిస్ట్రీ పుస్తకం వచ్చింది కిందటేడు. అంతకుముందు చూపులేని పిల్లలకి సైన్సు గ్రూపే ఇచ్చేవారు కాదు. మాస్టారు చదువుకునే రోజుల్లో ఆయన సైన్సు కావాలని అడిగితే, హెడ్మాస్టరు నవ్వి, భుజం తట్టి, కుర్చీలు అల్లే తరగతికి పంపించాడు. ఆ భుజం తట్టడం మాస్టారు మర్చిపోలేదు. కొడితేనే నయంగా ఉండేదని అప్పుడప్పుడూ అనుకునేవారు. అందుకని ఆ పుస్తకం బల్ల మీదికి వచ్చిన రోజు ఆయనకి సంతోషం కలిగిన మాట నిజం. కానీ ఆ సంతోషం సాయంత్రం దాకా నిలవలేదు. గడువు దగ్గరలో ఉంది, బొమ్మలు కుప్పలుగా ఉన్నాయి. పాఠం రాసిన పెద్దమనిషేమో కష్టమైన చోటల్లా "పటం చూడుము" అని రాసి చేతులు దులుపుకున్నాడు.

పరమాణువు పాఠంలో మొదటి బొమ్మ ఎలక్ట్రాన్ శక్తి స్థాయిలది. ఒకదాని మీద ఒకటి అడ్డగీతలు. కింది రెంటికీ మధ్య బోలెడంత ఖాళీ, పైకి వెళ్ళేకొద్దీ గీతలు దగ్గరై చివర్లో ఇరుక్కుపోయి ఉన్నాయి. దారాలమ్మ ఉన్నది ఉన్నట్టు అతికించింది. మాస్టారి వేలు పైదాకా వెళ్ళి ఆగింది.

"ఇక్కడ అంతా ముద్దయిపోయింది. సర్దు."

"పుస్తకంలో ఇరుగ్గానే ఉన్నాయండీ."

"పుస్తకంలో కళ్ళున్నవాళ్ళు చదువుతారు."

ఆవిడ దారాలు పీకి, నిచ్చెన మెట్లలా సమానంగా సర్దింది. పేజీ పాసయింది.

రెండోది ఒక వక్రం. అడుగున ఒక తిన్నని గీత. దాని మీద ఎడమ చివర మొదలై ఒక చిన్న మూపురం, తర్వాత గీత కిందికి దిగి అడుగుగీతని తాకి, మళ్ళీ లేచి పెద్ద మూపురం కట్టి, కుడివైపుకి నెమ్మదిగా వాలిపోతుంది. రెండు మూపురాల మధ్య తాకిన చోట మాస్టారి వేలికి మళ్ళీ గడ్డ తగిలింది.

"ఎత్తు. గోరంత."

"అక్కడ తాకాలేమోనండీ. పుస్తకంలో సరిగ్గా తాకించే గీశాడు."

"రోజూ చేసే పనే కదా, కొత్తగా చెప్పాలా?" అన్నారు మాస్టారు. విసుక్కుని కాదు, విసుక్కునే ఓపిక కూడా లేక.

ఆవిడ దారం పీకి మళ్ళీ అతికించింది. వక్రం అడుగుగీతకి గోరంత పైనుంచే వెళ్ళిపోయింది. ఆ పేజీ కూడా పాసయి, పుస్తకంలో కుట్టుకుపోయింది.

ఏడాది గడిచింది. ఒక మధ్యాహ్నం, వేలు గ్లాసుకి ఆనించుకుని మాస్టారు కూర్చుని ఉండగా ఇద్దరు లోపలికొచ్చారు. ఒకరు చూపులేని పిల్లల బళ్ళో కెమిస్ట్రీ చెప్పే టీచరమ్మ. ఇంకొకరు ఆ బళ్ళో సైన్సు తీసుకున్న ఒకే ఒక్క అమ్మాయి. అక్షరాలు దిద్దిన రోజు నుంచీ మాస్టారి పేజీల మీదే పెరిగిన పిల్ల. ఏనుగుకి తొండం ఎక్కడుంటుందో, నది సముద్రంలో ఎలా కలుస్తుందో అన్నీ ఆయన పాస్ చేసిన రేకుల మీదే తెలుసుకుంది. చిన్నప్పుడు కార్ఖానా చూడ్డానికి వచ్చి అందర్నీ ప్రశ్నలతో చంపుకు తిన్నందుకు, మాస్టారు ఆ పిల్లకి "ప్రశ్నల పిట్ట" అని పేరు పెట్టారు. ఇవాళ పిట్ట గొంతులో ఉషారు లేదు.

"మాస్టారూ, ఒకసారి నా వేళ్ళు చూస్తారా? మొద్దుబారాయేమోనని భయంగా ఉంది."

"ఈ వయసులో మొద్దుబారడమేంటమ్మా. ఏమైంది?"

జరిగింది టీచరమ్మ చెప్పింది. మౌఖిక పరీక్షలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు పరమాణువు పాఠం మీదే అడిగాడు. శక్తి స్థాయిల మధ్య దూరం ఎలా ఉంటుందంటే అమ్మాయి సమానంగా ఉంటుందని చెప్పింది. రెండు మూపురాల మధ్య ఎలక్ట్రాన్ దొరికే అవకాశం ఎంతంటే కొద్దిగా ఉంటుందని చెప్పింది. రెండూ తప్పే. ఎగ్జామినరు కోప్పడలేదు. "కళ్ళతో చూడాల్సిన సబ్జెక్టు ఇది, ఈ పిల్లల్ని కష్టపెట్టకండి" అని హెడ్డుతో మెల్లిగా అన్నాడట. టీచరమ్మ కాళ్ళావేళ్ళా పడితే వారం తర్వాత ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అదీ పోతే బళ్ళో సైన్సు గ్రూపు ఎత్తేస్తారు, అమ్మాయిని సంగీతంలో వేస్తారు.

"నా గొంతు మీకు తెలుసు కదా మాస్టారూ. సంగీతం మీద జాలిపడైనా నేను పాసవ్వాలి" అంది అమ్మాయి. నవ్వించడానికి అన్న మాటే. "క్లాసులో టీచరమ్మ సున్నా అనే చెప్పారు. నా వేలికేమో సందు తగిలేది. మీ పేజీ తప్పు చెప్పదు కదా, టీచరమ్మ ఇంచుమించు సున్నా అంటున్నారేమో అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నా వేలిదే తప్పేమో అనిపిస్తోంది. లేని సందు తగులుతోందేమో."

ఆమె తన పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. మాస్టారు తడి వేలు తుడుచుకుని వక్రం మీద పెట్టారు. చిన్న మూపురం ఎక్కి దిగారు. సందు ఉంది. హాయిగా వేలు పట్టేంత, గోరంత సందు. టీచరమ్మ మామూలు పుస్తకం తీసి చూసి, "ఇందులో గీత అడుగుకి తాకింది మాస్టారూ, సున్నా అని రాశాడు కూడా" అంది. అప్పటిదాకా వినబడుతున్న కత్తెర చప్పుడు ఆగిపోయింది.

మాస్టారు వేలు వెనక్కి తీసుకున్నారు. కుర్చీలు అల్లే తరగతి గుర్తొచ్చింది. తనని ఆ గదిలోకి పంపినవాడు నవ్వుతూ పంపాడు. ఇప్పుడు తాను ఈ పిల్లని నవ్వకుండా, జాగ్రత్తగా, నియమం ప్రకారం అలాంటి గదికే పంపబోయారు.

"నీ వేళ్ళు బంగారంలా ఉన్నాయమ్మా. పేజీయే తప్పు" అన్నారు.

"మీ పేజీ తప్పెలా అవుతుంది మాస్టారూ?" అంది అమ్మాయి. ఓదార్చడానికి చెబుతున్నారనుకుంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక మొగుడూపెళ్ళాలు టీ గ్లాసులు ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. టీ చల్లారిపోయింది.

"నేను చెప్పాను" అంది దారాలమ్మ చివరికి.

"చెప్పావు."

"ఒక్కసారే చెప్పాను. రెండోసారి చెబుదామనుకుని ఊరుకున్నాను."

"ఎందుకు ఊరుకున్నావు?"

"అలిసిపోయి. మొదట్లో ప్రతిదానికీ చెప్పేదాన్ని. రెండు దేశాల సరిహద్దు ఒకటేనండీ అన్నాను, విడదియ్యమన్నారు. గుండె బొమ్మలో రక్తనాళం వచ్చి అతుక్కుంటుందండీ అన్నాను, ఎడం పెట్టమన్నారు. ప్రతిసారీ మీ నియమం ముందు నా కళ్ళు ఓడిపోయేవి. ఆడదాని నోరు ఎన్నాళ్ళు ఆడుతుంది చెప్పండి? మీ వేలు అలిసిపోయిందని రోజూ అంటారు. నా నోరు మీకంటే ముందే అలిసిపోయింది."

ఆవిడ కోపంగా చెప్పి ఉంటే మాస్టారు సర్దిచెప్పుకునేవారు. మామూలుగా చెప్పేసరికి ఏం చేయాలో తోచలేదు. సిగ్గుపడ్డారు. పెళ్ళాం ముందు సిగ్గుపడటం ఆయనకి కొత్త. ఎటు తిరిగి కూర్చుంటే ఆవిడకి తన మొహం కనబడదో కూడా తెలియని మనిషి, అలాగే కూర్చుండిపోయారు.

మర్నాడు మేనేజరు దగ్గరికి వెళ్ళి చెబితే అతను తల పట్టుకున్నాడు. పుస్తకాలు అన్ని బళ్ళకీ వెళ్ళిపోయాయి, కొత్త ముద్రణ దాకా మార్చేది లేదు, పరీక్షకి కుట్టిన పుస్తకమే తప్ప విడి పేజీ ఒప్పుకోరు. "ఇన్నాళ్ళూ ఎవరూ ఏమీ అనలేదు కదండీ" అన్నాడు, అదేదో ఊరటలాగా.

"ఎవరికి తెలిస్తే అంటారు బాబూ" అన్నారు మాస్టారు. తర్వాత వాదించలేదు. ఆ వారం సాయంత్రాలు బల్ల ఖాళీగా ఉన్నప్పుడు ఆ పిల్ల కోసం తాము వేరే అచ్చు చేసుకోవడానికి మాత్రం అనుమతి అడిగారు.

టీచరమ్మ వచ్చి కూర్చునేది. పొద్దుటి నుంచీ క్లాసులు చెప్పి గొంతు పోయి ఉండేది ఆమెకి కూడా. ముగ్గురూ ముగ్గురే, ఒకరిని మించి ఒకరు నీరసపడి ఉన్నారు. అయినా మాస్టారు మొదటిసారిగా గీత సంగతి అడగడం మొదలుపెట్టారు.

"ఎలక్ట్రాన్ ఫలానా చోట ఉందని చెప్పలేం మాస్టారూ. ఎక్కడ దొరికే అవకాశం ఎంత ఉందో, అంతే చెప్పగలం. కేంద్రకం నుంచి ఇంత దూరంలో దొరకడానికి ఎంత అవకాశమో గీత ఎత్తు చెబుతుంది. మూపురం ఎత్తుగా ఉన్నచోట బాగా ఎక్కువ. గీత అడుగుని తాకిన చోట బొత్తిగా లేదు."

మాస్టారు బల్ల మీద తడిమి కత్తెర పట్టుకున్నారు. "మా ఆవిడ కత్తెర అనుకోండి. బల్ల మీద దొరికే అవకాశం ఎక్కువ. ఒళ్ళో కొంత. దాని డబ్బాలో మాత్రం సున్నా."

"మీరు వెతికిచ్చినట్టే మాట్లాడతారు" అంది దారాలమ్మ. కానీ ఆవిడ నవ్విందని ఆయనకి తెలిసింది. చాన్నాళ్ళయింది ఆ చప్పుడు విని.

ఆ సున్నాని వేలికి చెప్పడం ఎలాగన్నది అసలు చిక్కు. తాకిస్తే గడ్డ, ఎత్తితే అబద్ధం. రెండు మూడు అచ్చులు చెడిపోయాక దారాలమ్మ అంది, "గీతలెందుకండీ? ఎలక్ట్రాన్ దొరికే చోట గరుకు కాగితం అతికిస్తాను. దొరకని చోట ఏమీ పెట్టను." మాస్టారు నియమం గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు. "నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి, నేను తడిమి చూస్తాను" అన్నారు. ఆవిడ చిన్న మూపురం, పెద్ద మూపురం గరుకు కాగితంలో కత్తిరించి, వాటి మొనలు కలిసే చోట సన్నగా నున్నటి అట్ట వదిలేసింది.

శక్తి స్థాయిల బొమ్మకి మళ్ళీ దారాలే. ఈసారి పుస్తకంలో ఎలా ఉంటే అలా. కింద పెద్ద ఎడం, తర్వాత దానికంటే చాలా చిన్నది, ఆపైన ఇంకా చిన్నది, చివర్లో దారం మీద దారం.

అమ్మాయిని పిలిపించి పేజీ చేతికిచ్చారు. ఆమె వేలు మెట్లెక్కింది. మొదటి మెట్టుకి రెండో మెట్టుకి మధ్య ఖాళీలో వేలు తేలిపోయినట్టయి, "అమ్మో, ఇంత దూరమా" అనుకుంది. పైకి పోయి ఆగింది.

"ఇక్కడ విడివిడిగా తెలియట్లేదు మాస్టారూ. ఒకటే గరుకుగా ఉంది."

"తెలియకూడదమ్మా. అక్కడవి అంత దగ్గరగా ఉన్నాయి."

అమ్మాయి చాలాసేపు ఆ గరుకు మీదే వేలు ఉంచింది. తర్వాత వక్రం పేజీ తీసుకుని చిన్న మూపురం దాటి నున్నటి చోటికి వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చింది. ప్రశ్నల పిట్ట ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మాస్టారికి అంతకంటే మెప్పు అక్కర్లేదనిపించింది.

పరీక్ష రోజు వచ్చింది. చూపులేని పిల్లల మౌఖిక పరీక్షకి కార్ఖానా నుంచి ఒకరు వెళ్ళి కూర్చోవడం ఆనవాయితీ. రేకు నలిగిందనో, ఉబ్బు చితికిందనో తర్వాత పేచీ రాకుండా ముందే తడిమి, పేజీ బాగుందని చెప్పాలి. ఆ తర్వాత నోరు మెదపకూడదు. మాస్టారు తరచూ వెళ్ళే పనే, అమ్మాయి మొదటి పరీక్షకి మాత్రం ఇంకెవరో వెళ్ళారు. ఈసారి దారాలమ్మ కూడా తోడొచ్చి, వరండాలో బెంచీ మీద కూర్చుంది.

కిందటిసారి వచ్చిన ఎగ్జామినరే మళ్ళీ వచ్చాడు, మాస్టారు ముందుగా ఆయన్ని కలిసి ఉన్న సంగతంతా చెప్పారు. పేజీ తప్పు, తాను పాస్ చేసిన పేజీ, అమ్మాయి దోషం ఏమీ లేదు. ఎగ్జామినరు చెడ్డవాడేం కాదు, ఆయన గొంతులో కూడా రోజంతా పిల్లల్ని ప్రశ్నలడిగిన బడలిక ఉంది.

"మీరు చెబితే ఆ మార్కు మీకు వెయ్యాలండీ, ఆ అమ్మాయికి కాదు" అన్నాడాయన. "ఆ పేజీయే ముందు పెడతాను. తెలిసిన పిల్లయితే తనే పట్టుకుంటుంది. ఆ పేజీ పెడుతున్నానని మాత్రం మీరు తనతో అనకూడదు."

మాస్టారికి అది న్యాయంగానే తోచింది. పిల్లకి పాఠం కరతలామలకంగా వచ్చు. భయపడాల్సిందేం లేదనుకున్నారు.

అమ్మాయి వచ్చి కూర్చుంది. శక్తి స్థాయిల ప్రశ్నకి పేజీ ఇవ్వలేదు, నోటితోనే చెప్పమన్నారు. టకటకా చెప్పేసింది. పైకి వెళ్ళేకొద్దీ ఎందుకు దగ్గరవుతాయో కూడా అడక్కుండానే చెప్పింది. మాస్టారి భుజాలు కొంచెం దిగాయి. తర్వాత ఎగ్జామినరు పుస్తకం తెరిచి, ఆనవాయితీ ప్రకారం ముందు మాస్టారి వైపు జరిపాడు. ఆయన తడిమారు. పాత వక్రం. తన వేలు ఏడాది కిందట తిరిగిన దారే.

"పేజీ బాగుందాండీ?" అని అడిగాడు ఎగ్జామినరు, రిజిస్టరులో రాసుకోవాల్సిన మాట కాబట్టి.

"రేకు బాగుంది" అన్నారు మాస్టారు.

పుస్తకం అమ్మాయి ముందుకి వెళ్ళింది. "ఎలక్ట్రాన్ దొరికే అవకాశం బొత్తిగా లేని చోటు ఈ రెండు మూపురాల మధ్య ఎక్కడుందో వేలు పెట్టి చూపించమ్మా."

అమ్మాయి వేలు రేకు మీద జరుగుతున్న చప్పుడు మాస్టారికి వినబడింది. ఎక్కింది, దిగింది. సందులోకి వచ్చి ఆగింది. మళ్ళీ మొదటికి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

"చెప్పమ్మా."

అమ్మాయి మాట్లాడలేదు. ఎగ్జామినరు గొంతు సవరించుకున్నాడు. హెడ్డు కుర్చీ కిర్రుమంది. టీచరమ్మ పట్టరాక నిట్టూర్చింది.

మొదట మాస్టారికి కంగారు పుట్టింది. పిల్ల మర్చిపోయిందనుకున్నారు. తర్వాత తన మాటే తనకి గుర్తొచ్చింది. రేకు బాగుంది. మాస్టారు ఎదురుగా కూర్చుని, పేజీ తడిమి, అందరూ వింటుండగా బాగుందన్నాక, ఆ పేజీ తప్పని ఈ పిల్ల ఏ నోటితో అంటుంది? ఏనుగు నుంచి నది దాకా నమ్ముతూ వచ్చిన పిల్ల. తన వేళ్ళనైనా అనుమానించింది గానీ ఆయన పేజీని అనుమానించని పిల్ల. ఈ క్షణంలో మళ్ళీ తన వేళ్ళనే అనుమానిస్తూ ఉండి ఉంటుంది. లేదా తెలిసి కూడా, ఆయన పరువు తీయడం ఇష్టం లేక నాలుక కరుచుకుని కూర్చుని ఉంటుంది.

నోరు తెరిస్తే పరీక్ష రద్దు. దగ్గినా సైగ చేశారంటారు. ఈ వయసులో, ఈ అలసటలో, కూర్చున్నచోట కూర్చోవడమే ఆయనకి బాగా వచ్చిన పని. కానీ తాను ఆ కుర్చీలో ఉన్నంతసేపూ ఆ పిల్ల నోరు పెగలదని స్పష్టంగా తెలిసిపోయింది.

ఆయన లేచారు. కుర్చీ వెనక్కి నెట్టారు, కావాలనే గట్టిగా. చేతికర్ర నేలకి తాటించుకుంటూ తలుపు దాకా నడిచారు.

"ఏమండీ, మీరు వెళ్ళకూడదేమో" అన్నాడు ఎగ్జామినరు.

నోరు మెదపకూడదన్నారు గానీ బయటికెళ్ళకూడదని ఎక్కడా రాయలేదు. తలుపు తీసుకుని వెళ్ళి, గట్టిగానే మూశారు. బయట గోడకి ఆనుకుని నిలబడ్డారు. పల్చటి తలుపు, లోపలి మాటలు వినబడుతున్నాయి.

"మాస్టారు వెళ్ళిపోయారాండీ?" అంది అమ్మాయి.

"వెళ్ళారమ్మా."

"తలుపు వేశారా?"

"వేశారు."

"ఈ పేజీ తప్పండీ."

ఆ మాట తర్వాత ఇక ఆగలేదు. "ఇక్కడ సందు ఉండకూడదండీ. గీత అడుగుని తాకాలి. నా వేలు తప్పు కాదు, పేజీయే తప్పు. ఇక్కడ ఎలక్ట్రాన్ దొరకదు. ఇటుపక్క దొరుకుతుంది, అటుపక్క దొరుకుతుంది, ఇక్కడ మాత్రం ఎన్నిసార్లు వెతికినా దొరకదు."

"మరి అక్కడ ఉండనే ఉండకపోతే, ఇటు నుంచి అటు ఎలా వెళ్తుంది?" అని అడిగాడు ఎగ్జామినరు. ఆ ప్రశ్న పరీక్షకి అడిగినట్టు లేదు, తనకే తెలుసుకోవాలని ఉన్నట్టుంది.

"అది నడిచి వెళ్ళే వస్తువు కాదటండీ, అల లాంటిదట. టీచరమ్మ చెప్పారు. నాకింకా పూర్తిగా అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలనుంది, అందుకే సంగీతానికి వెళ్ళనంటున్నాను."

లోపల కాగితం మీద కలం గీసిన చప్పుడైంది. తర్వాత ఎగ్జామినరు హెడ్డుతో అంటున్నాడు, "ఈ గ్రూపు ఉండనివ్వండి. కళ్ళున్న పిల్లలెవరూ నాతో పుస్తకం తప్పని అనలేదు."

మాస్టారు గోడ పట్టుకుని నిలబడ్డారు. మొహం తడిసిపోయింది, తుడుచుకోవాలని కూడా తోచలేదు. బెంచీ మీద నుంచి దారాలమ్మ గబగబా లేచి వచ్చింది.

"ఏమైందండీ? ఎందుకేడుస్తున్నారు?"

"నా పేజీ తప్పని చెప్పిందే."

"ఎవరు?"

"పిల్ల. అందరి ముందూ చెప్పింది. గట్టిగా చెప్పింది."

దారాలమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన ఆ చేతిని వదలకుండా, చాలా ఏళ్ళుగా అనని మాట అన్నారు. "నువ్వు చెప్పినప్పుడే నేను వినాల్సింది."

ఆవిడ కొంగుతో ఆయన మొహం తుడిచింది. "ముందు కూర్చోండి" అని బెంచీ దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, పక్కనే తాను కూడా ఆయనకి ఆనుకుని కూర్చుంది.